ఎదురుచూసే జట్టు

బుధవారం పదింటికి వస్తారు, కాగితం నింపుతారు, పావుగంటలో వెళ్ళిపోతారు. డునెడిన్ నగరంలోని కౌన్సెలింగ్ కేంద్రంలో డాక్టర్ మోరాగ్ సింక్లెయిర్ ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. దిగులుతో బాధపడేవాళ్ళు నలభైమంది. అందులో ఇరవైమంది పన్నెండు వారాలు కౌన్సెలర్‌తో మాట్లాడతారు. మిగతా ఇరవైమంది తమ వంతు కోసం ఊరికే ఎదురుచూస్తూ, దిగులు ఎంతుందో వారంవారం వచ్చి రాసిపోతారు. మాట్లాడినవాళ్ళు బాగుపడి, ఎదురుచూసినవాళ్ళు ఉన్నచోటే ఉంటే మాటల వైద్యం పనిచేస్తుందని రుజువైనట్టు. తేడా కనబడకపోతే డబ్బిచ్చే పైవాళ్ళు కేంద్రాన్ని మూసేస్తారు. మూతపడనివ్వకూడదని మోరాగ్ పంతం పట్టింది.

ఎదురుచూసేవాళ్ళలో సమోవా దీవుల నుంచి వచ్చి స్థిరపడిన సినా ఒకతె. ఒకరి గడప తొక్కేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళడం ఆమె ఇంటా వంటా లేదు. కొబ్బరిపాల బన్నులు పళ్ళెం నిండా తెచ్చింది. బయట వాన, లోపల ఒకే ఒక్క హీటరు, దాని చుట్టూ అందరూ. నెవిల్ అని, ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించిన పెద్దాయన, భార్య పోయాక ఎనిమిది నెలలుగా ఎవరితోనూ పెదవి విప్పలేదు. బన్ను కొరికి, "మా ఐరిస్ చేస్తే ఎప్పుడూ మాడిపోయేవి" అన్నాడు. మాడినవి ఏం చేసేవారని సినా అడిగింది. ఇంకేముంది, మధ్యాహ్నం దాకా ఎవరూ కదల్లేదు.

మూడోవారానికి వాళ్ళ కాగితాల్లో దిగులు తగ్గడం మొదలైంది. వీళ్ళూ బాగుపడితే ఇక తేడా ఎక్కడ కనబడుతుందని మోరాగ్ కంగారుపడింది. గదిలో సొంత కష్టాలు చెప్పుకోరాదని గోడకు నోటీసు అంటించింది. ఆ నోటీసును ఆడిపోసుకోవడంలో ఇరవైమందీ ఒక్కటయ్యారు. కుర్చీలు గోడవైపు తిప్పించింది. ఎదుటివాళ్ళ మొహం కనబడని ధైర్యంతో, సిగ్గుపడే నలుగురు కూడా నోరు విప్పారు. ఆఖరికి బుద్ధి గడ్డి తిని హీటరు తీయించింది. పై వారం సినా దుప్పట్లు తెచ్చింది. ఒక్కో దుప్పట్లో ముగ్గురేసి కూర్చున్నారు.

పన్నెండో వారం లెక్క తేలింది. మాట్లాడినవాళ్ళు చక్కగా బాగుపడ్డారు. ఎదురుచూసినవాళ్ళూ సరిగ్గా అంతే బాగుపడ్డారు. తేడా సున్నా. మోరాగ్ వచ్చి గోడవైపు తిరిగిన కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. సినా దుప్పటి కప్పి, టీ చేతికిచ్చి, "చెప్పు డాక్టరమ్మా, మేం ఎక్కడికీ పోం" అంది. కేంద్రం గురించి, దానిమీద పెట్టుకున్న ఆశల గురించి మోరాగ్ గంటసేపు చెప్పింది. చెప్పాక మనసు తేలికపడింది, దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

"ఇందులో ఏడవడానికేముంది అమ్మాయ్?" అన్నాడు నెవిల్. "వాళ్ళు మాట్లాడారు, బాగుపడ్డారు. మేమూ మాట్లాడాం, బాగుపడ్డాం. నోరు విప్పితే నయమవుతుందనేగా నువ్వు చెప్పాలనుకుంది?"

మోరాగ్ నోటీసుతో సహా, హీటరుతో సహా ఏదీ దాచకుండా నివేదిక రాసింది. ఈసారి సరిగ్గా చేసి చూపించమని మందలించి, పైవాళ్ళు కేంద్రానికి ఇంకో ఏడాది గడువిచ్చారు.

కొత్త పరిశోధనకు పేర్లు రాసుకుంటున్నారు. కౌన్సెలర్ జట్టులో ఇంకా ఖాళీలున్నాయి గానీ, ఎదురుచూసే జట్టులో చేరడానికే అరవైమంది ఎదురుచూస్తున్నారు.