భూదేవి ఓపిక కండె

"నా ఓపిక అయిపోయింది" అనే మాట రాజలింగం పదకొండేళ్ళుగా పెళ్ళాం నోట రోజుకు నాలుగుసార్లు వింటున్నాడు. ఒకసారి అయిపోయిన సరుకు మళ్ళీ మళ్ళీ ఎలా అయిపోతుందో అతనికి అంతుపట్టలేదు. పైగా ఆమె పేరు భూదేవి. ఆ పేరు పెట్టినవాళ్ళను నిలదీయాలని ఉండేది.

సూరత్ ఊరి చివర ఉన్ అనే పేటలో ఒక్క గది, ఇద్దరు బడిపిల్లలు. పన్నెండు గంటలు మరమగ్గం ముందు నిలబడి వచ్చి ఇదే మాట ఎన్నాళ్ళని వింటాడు? ఒక ఆదివారం కార్ఖానా నుంచి నిండు దారపు కండె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఏందిది?"

"నీ ఓపిక. నేను సతాయించినప్పుడల్లా ఎంత ఒడిస్తే గంత దారం తియ్. కండె ఖాళీ అయ్యేదాంక ఆ మాట అనద్దు."

"ఖాళీ అయినంక?"

"నీ ఇష్టం."

"బస్సెక్కి సిరిసిల్ల పోత, మా అవ్వకాడికి. నెలదాంక రాను."

రాజలింగం లోలోపల నవ్వుకున్నాడు. అంత దారం ఆమె ముసలిదయ్యేదాకా వస్తుందని అతని ధీమా.

తడి తువ్వాలు మంచం మీద పడేస్తే తలుపు నుంచి కిటికీ దాకా దారం తీసింది. పిలిచినా ఫోన్‌లోంచి తల ఎత్తకపోతే మెట్ల కింది దాకా తీసింది. అతను అత్తగారిని ఒక్క మాట అన్న రోజు గదిలో కాలు పెట్టే జాగా లేదు. ఆ దారం కాళ్ళకు చుట్టుకుని అతను చాయ్ ఒలకబోశాడు. దానికి మళ్ళీ వేరే దారం.

బుధవారానికి కండె గొట్టం బయటపడింది. నెల రోజులు గుజరాతీ మెస్సులో బెల్లం వేసిన పప్పు తినే బతుకు తలుచుకుంటే రాజలింగానికి చెమటలు పట్టాయి. మర్నాడు ఆమె కూరగాయలకు పోగానే, జేబులో తెచ్చిన దారం ముడేసి గబగబా కండె నిండా చుట్టేశాడు.

భూదేవి వచ్చి కండెను బొటనవేలితో ఒకసారి నిమిరి, పై దారాన్ని పక్కకు నెట్టి అడుగున చూసింది. ఏడేళ్ళ వయసు నుంచి సిరిసిల్లలో కండెలు చుట్టిన చెయ్యి అది.

"వదులు చుట్టుడు. ముడి సుత బుడిపె లెక్కున్నది. ఎవలు చుట్టిండ్రు?"

"ఎవలు చుడ్తరు? నీ ఓపికే పెరిగిందేమో."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. ముడి దగ్గర పుటుక్కున తెంపింది.

"ముడి కింద ఉన్నది నాది. అది ఒడిసింది. మీదంత నువ్వు చుట్టినవ్ గాబట్టి నీది. పిల్లలకు బడున్నది, నీకాడనే ఉంటరు. నీ ఓపికతోని సూసుకో."

శనివారం పొద్దున్నే ఆమె బస్సెక్కింది. ఆదివారం మధ్యాహ్నానికి రాజలింగం ఫోన్ చేశాడు. వెనక పిల్లలు కొట్టుకుంటున్నారు, అన్నం మాడుతోంది.

"భూదేవీ, నా కండె ఒడిసింది."

"గప్పుడేనా? ఇంకోటి చుట్టుకో. నీకు చుట్టుడొచ్చు గద" అని ఆమె ఫోన్ పెట్టేసింది.