నాలుగు వేల కీచురాళ్ళు

సోమవారం పొద్దున పరిశోధనాలయంలో పురుగుల మేడం వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకల్లా పెట్టెలో పెంచిన కీచురాళ్ళను ఫ్రీజర్‌లోకి మార్చడం, మర్నాడు వేయించి పొడి కొట్టడం, గురువారం రుచి చూసే కమిటీ వచ్చేసరికి ఆ పిండితో బిస్కెట్లు సిద్ధం చేయడం. మాంసానికి అయ్యే నీళ్ళలో, మేతలో పిసరంతతోనే అంత బలమిచ్చే తిండి తయారవుతుందని ఆవిడ ఆరేళ్ళుగా చెబుతోంది. వినేవాళ్ళు తల ఊపుతారు, బిస్కెట్ మాత్రం పక్కవాళ్ళ వైపు జరుపుతారు. ఈసారి కమిటీ మెచ్చకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

ఆవిడ భర్త కూడా ఆ పరిశోధనాలయంలోనే, పై అంతస్తులో పనిచేస్తాడు. అందరూ ఆయన్ని చెవుల సారు అంటారు. వెనక తోటలో, కాలువ గట్టున మైకులు కట్టి, ఏ పురుగు ఎంతసేపు అరిచిందో పద్దెనిమిదేళ్ళుగా రాసుకుంటున్నాడు. అవతలి గట్టున బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ వచ్చాక ఆయన పని బాగా తేలికైపోయింది. ఆరేళ్ళుగా కీచురాళ్ళ గడిలో రాయడానికి ఏమీ లేదు.

మేడం పెట్టె మూత తీసి, కీచురాళ్ళు దాక్కునే గుడ్ల అట్టలను ఒక్కొక్కటే దులిపి పెట్టె అంచుకు ఆనించసాగింది. అప్పుడే అత్తగారు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కుక్కరు పెట్టాను. కూతలు లెక్కపెట్టడం రోజూ తప్పుతున్నా. ఫోన్ పొయ్యి పక్కన పెడతా, నువ్వు లెక్కపెట్టు."

"పనిలో ఉన్నానత్తయ్యా!"

"చేసుకో తల్లీ, నేను వద్దన్నానా? చెవి మాత్రం ఇటు పెట్టు. నాలుగు కాగానే కేకెయ్యి. నేను బట్టలు ఆరేసి వస్తా."

గదిలో సిగ్నల్ అందక మేడం వరండాలోకి నడిచింది. నాలుగో కూతకు కేక వేసింది. డాబా మీదున్న అత్తగారికి వినిపించలేదు. ఆరో కూతకూ వేసింది, తొమ్మిదో కూతకూ వేసింది. పన్నెండో కూతకు అత్తగారు వచ్చి, "ఎన్నయ్యాయమ్మా?" అని తీరిగ్గా అడిగింది.

మేడం తిరిగి వచ్చి చూసేసరికి గుడ్ల అట్టలు నిచ్చెనలుగా పనికొచ్చాయి. వాసన పోవడానికని కిటికీ తెరిచే ఉంది. నాలుగు వేల కీచురాళ్ళలో పెట్టెలో మిగిలినవి పదకొండు. వాటిలో రెండు కుంటివి.

మధ్యాహ్నమంతా తోటలో నడుం పడిపోయేలా వంగి వెతికితే ముప్పై దొరికాయి. సాయంత్రం ఐదున్నరకు మొదట ఒక కీచురాయి గొంతు విప్పింది, తర్వాత పది, ఆ తర్వాత తోటంతా. చెవుల సారు మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయాడు. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని మిగతా మెట్లు దిగాడు.

"వింటున్నావా?" అన్నాడు గుసగుసగా.

"ఏవండీ, మీకో మాట చెప్పాలి..."

"ష్! పెళ్ళికి ముందు మనం ఇక్కడే కదూ కూర్చునేవాళ్ళం?"

ఇక్కడే. ఇద్దరూ ఉద్యోగంలో చేరిన కొత్త. చివరి మెట్టు మీద కూర్చుని ఆయన ధైర్యం కూడగట్టుకుని, "పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు. కీచురాళ్ళ హోరులో ఆవిడకు "మళ్ళీ చూసుకుంటావా?" అని వినపడింది. ఆ రోజు నీటి పరీక్షల లెక్కల గురించేమో అనుకుని, "రెండుసార్లు చూశాను, ఇంక అక్కర్లేదు" అంది. మూడు రోజులు ఆయన ముఖం చాటేశాడు. నాలుగో రోజు కాగితం మీద రాసి ఇచ్చాడు.

ఇప్పుడు ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. రేపు చెబుదాంలే అనుకుంది మేడం.

రేపటికి ఆ వీలు పోయింది. కీచురాళ్ళు తిరిగొచ్చాయని చెవుల సారు డైరెక్టరుకు చెప్పాడు, డైరెక్టరు పత్రికలకు చెప్పాడు. మంగళవారం సాయంత్రానికి వీధి వీధంతా ప్రహరీ పక్కన చేరింది. రిటైరైన పోస్టుమాస్టరు కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్క వేసిన వాకిలి గురించి ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయాడు. టైలరమ్మ కూతురు మాత్రం, "అమ్మా, దీని స్విచ్ ఎక్కడుంది?" అని అడిగింది. పెద్దవాళ్ళు నవ్వారు. నవ్వాక టైలరమ్మ కూతుర్ని ఎత్తుకుని ప్రహరీ మీంచి తోట చూపించింది.

బుధవారం డైరెక్టరు మేడంను పిలిపించాడు. "కమిటీని రావద్దన్నాను మేడం. ఇన్నేళ్ళకు తిరిగొచ్చిన పురుగుల్ని మనం వేయించుకు తింటున్నామంటే జనం ఊరుకుంటారా?"

"సార్, అసలవి..."

"అవి జాతి సంపద మేడం!"

గురువారం ఫ్యాక్టరీ మేనేజరు పూలగుత్తితో దిగాడు. వెంట సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం. తమ కొత్త వడపోత వల్లే కాలువ బాగుపడిందనీ, కీచురాళ్ళు తమ ఫ్యాక్టరీ నీళ్ళే తాగి హాయిగా పాడుతున్నాయనీ, కనుక వచ్చే నెల పరిశోధనాలయం చేయబోయే నీటి తనిఖీ రద్దు చేయాలనీ దాని సారాంశం. ఆ సాయంత్రం తోటలో పాట సగానికి పడిపోయింది. శుక్రవారం పొద్దుటికి అసలు లేదు.

పదకొండింటికి డైరెక్టరు గదిలో రద్దు కాగితం చెవుల సారు ముందు పెట్టారు; కీచురాళ్ళ లెక్క ఆయనదే కాబట్టి సంతకమూ ఆయనదే. ఆయన జేబులోకి చెయ్యి పోనిచ్చేలోపు తలుపు తోసుకుని మేడం వచ్చింది.

"సంతకం పెట్టకండి. అవి నావి."

"ఏవి?"

"కీచురాళ్ళు. నాలుగు వేలు. సోమవారం కిటికీలోంచి పోయాయి."

చెవుల సారు కాగితం పక్కకు జరిపి ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. మీరు ష్ అన్నారు."

మేనేజరు నవ్వాడు. "ఎవరివైతేనేం మేడం, తాగింది మా నీళ్ళేగా!"

చెవుల సారు జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పాడు. పొద్దున గట్టు మీద ఏరిన కీచురాళ్ళు. అన్నీ చచ్చినవే. ఒక్కోదాని పొట్ట నీలంగా ఉంది.

"వీటికి నువ్వేం పెట్టేదానివి?"

"తవుడు, క్యారెట్ ముక్కలు, వడకట్టిన నీళ్ళు. రోజూ రాసి పెట్టాను."

"నీలం రంగుది ఏమైనా?"

"నా గదిలో నీలంగా ఉన్నది నా చీరొక్కటే."

మేనేజరు చెయ్యి మెల్లగా తన ఉత్తరం కోసం బల్ల మీద వెతికింది. అది అప్పటికే డైరెక్టరు సొరుగులో ఉంది.

నీటి పరీక్షలో అదే నీలం తేలింది. గొట్టాలు బాగుచేసేదాకా ఫ్యాక్టరీ మూతపడింది. కమిటీని మళ్ళీ పిలిచారు. తోట మాత్రం మునుపటిలా మూగబోయింది. ఒక సాయంత్రం భార్యాభర్తలు మెట్ల మీద కూర్చున్నారు.

"మూడు రోజులు బాగుంది కదూ," అన్నాడాయన.

"బాగుంది," అంది ఆవిడ. ఈసారి ఇద్దరికీ స్పష్టంగా వినపడింది.

వార్షిక నివేదికలో డైరెక్టరు దీన్ని, ఎంతో ముందుచూపుతో కీచురాళ్ళను విడిచిపెట్టి చేసిన ప్రయోగమని రాశాడు.