తొలగింపు ఫారం

పెళ్ళి చేసుకోవడానికి ఇద్దరు మనుషులు చాలు గానీ, ఆ పెళ్ళికి ఫోటోగ్రాఫర్ని కుదుర్చుకోవడానికి మాత్రం నలభై రెండు ప్రశ్నలు, మూడు నకళ్ళు, ఒక రబ్బరు స్టాంపు ఉండి తీరాలన్నది బావగారు లోకానికి ప్రసాదించిన సిద్ధాంతం.

బావగారంటే పెళ్ళికూతురి అక్క భర్త. ఓ ఆఫీసులో రికార్డుల సెక్షనుకి సూపరింటెండెంటు. పాలవాడు ఒకపూట రాకపోతే సంజాయిషీ రాయించుకునే రకం. ఆ మధ్యాహ్నం ఆయన స్టూడియోలోకి వచ్చి, వెనకాలే పెళ్ళికూతురూ, పెళ్ళికొడుకూ, పెళ్ళికూతురి తండ్రైన మామగారూ నిలబడి ఉండగా, ఉన్న ఒక్క కుర్చీలో తాను కూర్చుని ఫైలు విప్పారు.

ఫోటోల మాస్టారికి ఇలాంటి ప్రశ్నలు కొత్తేం కాదు. నిద్రలో లేపి అడిగినా జవాబు చెబుతాడు.

"ఒకటి. అనుభవం?"

"ఇరవై ఆరేళ్ళండి."

"రెండు. కెమెరా పాడైతే?"

"ఇంకోటి ఉందండి."

"మూడు. అదీ పాడైతే?"

"మూడోది కూడా ఉందండి."

"నాలుగు. మీరే పాడైతే?"

మాస్టారు కాసేపు ఆలోచించాడు. "మా తమ్ముడొస్తాడండి. వాడు నాకంటే బాగా తీస్తాడు. ఈ సంగతి మనలో మాట."

బావగారు 'తమ్ముడు' అని రాసుకుని, చుట్టూ గీత గీసుకున్నారు. "ఐదు. ఫోటోలన్నీ సహజంగా ఉండాలి. ఉదాహరణకి మా మామగారు కంటతడి పెడుతుంటారు, నేను భుజమ్మీద చెయ్యేసి ఓదారుస్తుంటాను. మాకు తెలియకుండా మీరు తియ్యాలి."

"ఎన్నింటికండీ?"

"పదీ నలభైకి."

మామగారు బుద్ధిగా తలూపాడు. అప్పుడే కళ్ళు కాస్త తుడుచుకుని కూడా చూపించాడు.

"పదిహేడు. మా ఫోటో మీ షాపు అద్దంలో పెడతారా? పెట్టదలిస్తే ఆ ఫోటోలో ఉన్నవాళ్ళంతా ఒప్పుకోవాలి. లేనివాళ్ళతో నిమిత్తం లేదు. రాసుకోండి." మాస్టారు రాసుకున్నాడు.

ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర బావగారు గొంతు తగ్గించారు. "ఫోటోలో పడకూడని మనిషి పడితే?"

"కంప్యూటర్లో తీసేస్తామండి. మొన్నొకాయన తన్నే తీసెయ్యమన్నాడు, అప్పులవాళ్ళకి కనపడతానని."

"నోటిమాట పనికిరాదు. ఫారం ఉండాలి." అంటూనే బావగారు ఒక ఫారం తీశారు. తనే తయారుచేసుకొచ్చారు. తొలగించవలసిన వ్యక్తి, వధూవరులతో బంధుత్వం, కారణం, సంతకం. నాలుగు గడులు. ఒక గడి ఖాళీగా ఉన్నా ఫారం చెల్లదు. రెండు కుటుంబాల్లో ఎవరైనా ఇవ్వవచ్చు. పెళ్ళయ్యేదాకా ఎవరి ఫారం ఏమిటన్నది రెండోవాళ్ళకి చెప్పకూడదు. ముప్ఫై తొమ్మిదో షరతు ప్రకారం, పెళ్ళి ముహూర్తం దాటాక కొత్త ఫారం తీసుకోకూడదు, ఒక్క అక్షరం మార్చకూడదు. నలభై రెండో ప్రశ్న తర్వాత స్టాంపు పడింది.

అందరూ మెట్లు దిగుతుంటే పెళ్ళికూతురు ఆగిపోయింది. పెళ్ళికొడుకు కూడా ఆగి, చెప్పమన్నట్టు చూశాడు.

"మాస్టారూ, నాది ఒక్కటే ప్రశ్న. మా పెద్దమ్మతో నాకో ఫోటో వస్తుందా?"

"అదేం ప్రశ్నమ్మా, ఎందుకు రాదూ?"

"అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇస్త్రీ షాపు నడుపుతుంది. ఆవిడ కనపడితే మా పరువేం కావాలని, పెళ్ళిరోజున వెనకగదిలో కూర్చోమన్నాడు బావ. పెద్దమ్మ సరేనంది. నాన్న కూడా ఏమీ అనలేదు. ఈయనకి తెలుసు. మా అత్తగారికే తెలీదు."

ఆ పిల్ల ఏడవలేదు. పదీ నలభైకి ఏడవడానికి వేరే మనిషి ఉన్నాడు కాబట్టి కాదు, ఏడ్చి ఏడ్చి విసిగిపోయిందని మాస్టారికి అర్థమైంది. ఆయన కలం తీశాడు. "నలభై మూడోదిగా రాసుకుంటానమ్మా," అన్నాడు.

మర్నాడే బావగారు ఒంటరిగా వచ్చారు. మొదటి ఫారంలో రాసిన పేరు మామగారిది. కారణం: కోటు ఇరుకు, మాట మోటు. "మా మామగారంటే నాకు దేవుడితో సమానం. కానీ ఫోటోకి సరిపడరు," అన్నారు. రెండో ఫారం తీసుకుని పెద్దమ్మ పేరు రాయబోయి, రెండో గడి దగ్గర కలం ఆపేశారు. అక్కడ బంధుత్వం రాయాలి. ఇస్త్రీ షాపావిడ పెళ్ళికూతురికి స్వయానా పెద్దమ్మ అని తన చేత్తో, తన సంతకంతో కాగితమ్మీదకి ఎక్కించాలి. ఆయన అటూ ఇటూ చూసి ఫారం నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆవిడ ఎలాగూ బయటికి రాదులెండి. చెప్పినమాట వినే మనిషి."

ఆ మర్నాడు మామగారు వచ్చాడు. ఆ తర్వాత పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. ఆవిడ వెళ్ళిన గంటకి ఆవిడ ఆడపడుచు వచ్చింది. నిన్నటి ఫారంలో పేరున్నావిడ ఇవాళ్టి ఫారం పట్టుకొచ్చేది. అందరూ తొలగించమన్న మనిషి మీద తమకెంత ప్రేమో ముందు చెప్పి, తర్వాత సంతకం పెట్టేవారు. వారం తిరిగేసరికి పంతొమ్మిది ఫారాలయ్యాయి. ఎవరిది ఎవరికీ చెప్పే వీల్లేదు కాబట్టి మాస్టారు నోరు కుట్టేసుకున్నాడు.

పెళ్ళిరోజున మామగారు పదీ నలభైకి ఏడవలేకపోయాడు, పదకొండుకి తుమ్మాడు. ఆఖర్న వేదిక మీద పెద్ద ఫోటోకి ఇరువైపులవాళ్ళూ పంతొమ్మిది మంది రెండు వరసల కుర్చీల్లో సర్దుకున్నారు. బావగారు నట్టనడుమ. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి చీర అంచు ఊడి కాళ్ళకి చుట్టుకుంది. ఊడిందో, పిల్ల ఊడదీసుకుందో మాస్టారు చూడలేదు. చూసినా చెప్పడు.

"పెద్దమ్మా," అని పిలిచింది. వెనకగది తలుపు తెరుచుకుంది. సూదీదారంతో ఒకావిడ పరుగున వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు కుట్లు వేసి, దారం పళ్ళతో తెంపి, పిల్ల ముఖంలోకి చూసి నవ్వింది. పిల్ల వంగి ఆవిడ చెంప పట్టుకుంది. మాస్టారు కెమెరా నొక్కాడు. బావగారు పరుగెత్తుకొచ్చి, ఇప్పుడైనా ఆవిడ మీద ఫారం ఇస్తానన్నారు. మాస్టారు వినయంగా ముప్ఫై తొమ్మిదో షరతు చదివి వినిపించాడు.

నెల తిరిగాక ఆల్బం కోసం అందరూ స్టూడియోకి వచ్చారు. పెద్దమ్మ కూడా వచ్చింది. బావగారు ఆవిణ్ణి బయట బల్ల మీదే కూర్చోబెట్టారు. పెద్ద ఫోటో ఉన్న పేజీ తిప్పగానే అందరూ ఆల్బం మీదకి వంగారు. రెండు వరసల ఖాళీ కుర్చీలు. ముందు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద సూదితో పెద్దమ్మ. ఇంకో ప్రాణి లేదు.

"నేనెక్కడ?" అన్నారు బావగారు.

మాస్టారు ఫైలు తీశాడు. పెళ్ళి అయిపోయింది కాబట్టి గోప్యం అక్కర్లేదు. "రెండో ఫారమండి. బంధుత్వం: వధువుకి బావ. కారణం: ప్రతి ఫోటోలోనూ నట్టనడుమ తానే ఉంటాడు. సంతకం మీ మామగారిది."

"మామయ్యా!"

"మరి నేనెక్కడయ్యా?" అన్నాడు మామగారు.

"మొదటి ఫారమండి. సంతకం మీ అల్లుడుగారిది." పెళ్ళికూతురి అత్తగారు తన ఫారం కోసం చెయ్యి చాచి, ఆడపడుచు సంతకం చూసి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆవిడే ముందు తేరుకుంది.

"ఆవేళ కుట్టుపనావిడ అనుకున్నాను, ఈ సూది పట్టుకున్నావిడ ఎవరమ్మా? బయట కూర్చున్న ఆవిడేనా?"

బావగారు దగ్గారు. దగ్గినా లాభం లేకపోయింది.

"మా పెద్దమ్మ అత్తయ్యా. నన్ను పెంచింది."

"మరి బయట కూర్చోబెట్టారేం?" అని అత్తగారు బావగారిని నిలదీసింది. పెళ్ళికొడుకు వెళ్ళి పెద్దమ్మని లోపలికి తీసుకొచ్చాడు. స్టూడియోలో ఉన్న ఒక్క కుర్చీలోంచి బావగారు తనంతట తానే లేచారు.

పెద్దమ్మ ఫోటో చూసుకుని, "నా జుట్టు రేగిపోయింది," అంది, ముఖమంతా వెలిగిపోతుండగా. "ఇది మీ అద్దంలో పెడితే బాగుంటుంది బాబూ."

"పెడదామమ్మా. మీకిష్టమేనా? మీకూ?" పెళ్ళికూతురూ, పెళ్ళికొడుకూ తలూపారు.

"నేనొప్పుకోను," అని బావగారు బల్ల మీద గుద్దారు. "పదిహేడో షరతు చూడండి. ఫోటోలో ఉన్నవాళ్ళంతా ఒప్పుకోవాలి."

"అంతా ఒప్పుకున్నారు కదండీ," అన్నాడు మాస్టారు ఎంతో మర్యాదగా. "మీరు ఫోటోలో లేరు."