మెరవని నలుపు

బారిడీహ్‌లో మా కార్ఖానా క్వార్టర్ల వరసలో కారున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది అదృష్టం అనుకున్నారంటే మీకు కారు లేదన్నమాట.

కార్ఖానాలో ఫిట్టర్ పని చేసుకునేవాడికి కారెందుకు? రిటైరై ఊరెళ్లిపోతున్న ఒక ఆఫీసరుగారు తన పాత అంబాసిడర్‌ని, "ఆదిబాబూ, దీన్ని బతికిస్తే నువ్వే బతికించాలి" అని నాకు అంటగట్టి రైలెక్కేశారు. మీగడ రంగు కారు. శుభ్రంగా తుడిస్తే దేవుడి గదిలో పెట్టుకోవచ్చు.

అలా తుడవడమే నా తప్పు. వరసలో ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికొడుకు అందులోనే దిగాలి. సీమంతం అయినా అదే కారు. పసిబిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినా అదే కారు. నడపడం నేనే, ఎందుకంటే దాని క్లచ్ నా కాలికి తప్ప ఇంకో కాలికి లొంగదు. నా పేరు కూడా పోయింది. అందరూ నన్ను పెళ్లికారు ఆదిబాబు అనేవారు.

వారానికి ఒక్క ఆదివారం. పొద్దున్న బిష్టుపూర్ రామమందిరానికెళ్లి భజనలో కూర్చుని, మధ్యాహ్నం భోంచేసి పడుకుందామని నా కోరిక. ఆ మాఘమాసంలో నాలుగు ఆదివారాలూ నాలుగు పెళ్లిళ్లు. రాముడి పెళ్లికి తప్ప అందరి పెళ్లిళ్లకీ వెళ్లాను.

కాదనడానికి లేదు. మా ఆవిడ నూకమ్మ నా కంటే ముందే ఒప్పేసుకుంటుంది.

"పెళ్లోలు అడిగితే నేదని ఎలాగంటాం మావా? బండి మనకి దేవుడిచ్చినాడు."

"దేవుడు బండిచ్చాడే. డ్రైవరు ఉద్యోగం ఇవ్వలేదు."

"రెండూ కలిపే ఇచ్చినాడు. నువ్వు ఒక్కటే సూసుకున్నావు."

కారు వల్ల నేను విసుక్కోకుండా చేసిన పని ఒక్కటుంది. పక్క క్వార్టరు తవిటయ్య తాతని మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి తీసుకెళ్లడం. ముప్పై ఏళ్లు బొగ్గు దుమ్ములో పనిచేసిన ఛాతీ ఆయనది. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. ఆసుపత్రిలో సూదిమందు వేసి, కాసేపు ప్రాణవాయువు పెట్టి పంపిస్తారు. దాంతో మూడు నాలుగు రోజులు గడుస్తాయి. మళ్లీ వెళ్లాలి. రిక్షా కుదుపులకి ఆయన తట్టుకోలేడని ఆయన భార్య సన్యాసమ్మ అవ్వ నన్ను బతిమాలుకుంది.

మళ్లీ పెళ్లిళ్ల వైశాఖం వచ్చేలోగా ఏదో ఒకటి చేయాలి. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. నల్ల కారులో మనవాళ్లు పెళ్లికొడుకుని ఎక్కిస్తారా? ఎక్కించరు. మెరిసే నలుపైతే పూలదండ వేసి సర్దుకుంటారేమో. అసలు మెరుపే లేని నలుపు, పెనం అడుగులాంటి నలుపు అయితే?

జుగ్సలాయిలో పాలిష్ జగ్గారావు షెడ్డుకి వెళ్లాను. పెయింటు వేసిన బండి మీద తన ముఖం చూసుకుని గడ్డం గీసుకుంటాడని ఆయనకి పేరు.

"నల్లరంగు కావాలి. కానీ మెరవకూడదు" అన్నాను.

జగ్గారావు బీడీ తీసి పక్కన పెట్టాడు. "ఏటన్నావు?"

"మెరవకూడదు."

"అరె భాయ్, ఇరవై ఏళ్లయి చమక్ తెప్పించడానికి సస్తన్నాను. నువ్వొచ్చి చమక్ తీసీమంటావేటి? నీకు నామీద కోపమా, కారుమీద కోపమా?"

ఆయన్ని ఒప్పించడానికి రెండు టీలు పట్టాయి. చివరికి ఒప్పుకున్నాడు. పాత రంగుని తడిపిన గరుకు కాగితంతో రుద్ది, సొట్టలని లాంబీ ముద్దతో పూడ్చి, ప్రైమర్ కొట్టాడు. నల్లరంగులో మెత్తటి సుద్దపొడి జల్లించి కలిపాడు. సుద్ద పడితే మెరుపు చస్తుందట. రంగు చిమ్మే గన్ను మామూలు కంటే దూరంగా పట్టుకుని పొడిపొడిగా మూడు పూతలు వేశాడు. కొడుతున్నంతసేపూ శ్రాద్ధం పెడుతున్నవాడిలా ముఖం పెట్టాడు.

"ఇను ఆదిబాబూ. దీనికి పాలిష్ కొట్టకూడదు. నూనె చుక్క పడితే పీల్చీసుకుంటాది. చెయ్యేస్తే చెయ్యి ముద్ర. రుద్దినావంటే అక్కడ మెరుపొచ్చి ఇంకా అసియ్యంగా ఉంటాది. తర్వాత నాను చెప్పనేదనకు."

నేను వినలేదు. నాకు ఆదివారాలు కనిపిస్తున్నాయి.

కారు ఇంటిముందు ఆగగానే నూకమ్మ బయటికి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటిది?"

"కొత్త ఫ్యాషన్. ఎండకి కళ్లు చెదరవు."

"కాకి నయం. అదన్నా నిగనిగలాడతాది."

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా, ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్తే భయపడాలని నాకింకా తట్టలేదు.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. భజనకి వెళ్లాను. స్వామీ, నేనెవరికీ అబద్ధం చెప్పలేదు, పెయింటు మాత్రం వేయించాను అని చెప్పుకున్నాను. ఇంటికొచ్చి సాయంత్రం దాకా నిద్రపోయాను.

రెండో ఆదివారం వెనక వీధి నుంచి నలుగురు వచ్చారు. ఒకాయన పోయాడు. సువర్ణరేఖ ఒడ్డున శ్మశానానికి తీసుకెళ్లాలి.

"నీ బండి దీనికి సరిగ్గా సరిపోద్ది బాబూ. దీనికోసమే సేయించినట్టున్నాది" అన్నారు మర్యాదగా.

పెళ్లికి కుదరదని చెప్పొచ్చు. చావుకి ఎలా చెప్తాం? పెళ్లివాళ్లు ముహూర్తం చూసుకుని, నెల ముందు వచ్చి అడిగేవారు. వీళ్లకి ముహూర్తం కూడా లేదు. కారు టాపు మీద పాడె కట్టి, నేను ముందు కూర్చుని నడుపుకుంటూ వెళ్లాను.

తిరిగొస్తే నూకమ్మ గుమ్మంలో బిందెతో నిలబడింది.

"ఆగక్కడ! తానం చెయ్యి. బండికి కూడా పొయ్యి."

ఆ నెలలో నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లు బట్టలతో స్నానం చేశాను. మండే ఎండల్లో జలుబు చేసినవాడు బారిడీహ్ మొత్తం మీద నేనొక్కణ్ణే. పెళ్లికారు ఆదిబాబు పోయి పాడెకారు ఆదిబాబు మిగిలాడు.

నాలుగోసారి, తండ్రిని పోగొట్టుకున్న ఒకాయన డిక్కీ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాడు. ఆ చెయ్యి ముద్ర అలాగే ఉండిపోయింది. సబ్బుతో కడిగాను. కిరసనాయిలుతో రుద్దాను. రుద్దేకొద్దీ ఆ అయిదు వేళ్లూ ఇంకా తేటగా మెరిశాయి. నేను రుద్దుతున్నంతసేపూ నూకమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ చూసింది.

ఇదంతా నా ఖర్మ, భరిస్తాను. కానీ తవిటయ్య తాత సంగతి నేను అసలు ఆలోచించనేలేదు.

రంగు వేయించిన తర్వాత వచ్చిన మంగళవారం సన్యాసమ్మ అవ్వ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తాత కారు చూసి ఆగిపోయాడు.

"ఒరే ఆదిబాబూ. నాను ఇంకా పోనేదురా."

"అదేం మాట తాతా, రంగే కదా."

"రంగేనురా. నాకు తెలుసు. ఎక్కను."

రిక్షాలో వెళ్లాడు. శుక్రవారం కూడా రిక్షాలోనే. నెల గడిచేసరికి, ఎండలో ఆ కుదుపులకి, ఒకరోజు తిరిగొచ్చి మంచం మీద వాలినవాడు లేవలేకపోయాడు. తర్వాతి రెండుసార్లూ ఆసుపత్రి తప్పిపోయింది. ఇలా మానేస్తే వానలు పడేదాకా ఉండడని డాక్టరు చెప్పి పంపాడు. సన్యాసమ్మ అవ్వ మా గుమ్మంలో కూర్చుని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

గురువారం నేనే వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"తాతా, జగన్నాథుడు నలుపు కాదా? కృష్ణుడు నలుపు కాదా? నువ్వు రోజూ దండం పెట్టేది నల్లటి దేవుడికే కదా. మరి కారు నలుపైతే తప్పేమిటి?"

ఈ ప్రశ్న నేను దేవుణ్ణి కూడా అడిగాను.

తాత ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "జగన్నాథుడు నలుపేనురా. రథానికి మాత్రం ఎర్రగుడ్డా పసుపుగుడ్డా కట్టించుకుంటాడు. నల్లరథం ఎక్కమను ఆయన్ని, సూద్దాం."

పాలు తెచ్చిన నూకమ్మ అది విని, గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

నేను జుగ్సలాయి పరిగెత్తాను. షెడ్డుకి తాళం. జగ్గారావు సొంతూళ్లో పెళ్లికి వెళ్లాడు, పది రోజులకి గాని రాడు. తాత దగ్గర పది రోజులు లేవు. రాత్రి డ్యూటీలో నేను బిగించిన ప్రతి నట్టూ రెండోసారి బిగించాల్సి వచ్చింది.

శుక్రవారం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటిముందు నా కారు లేదు. పచ్చటి కారొకటి ఉంది.

బానెట్టు, టాపు, తలుపులు, డిక్కీ అంతా పసుపు. ఇంత ఇంత కుంకుమ బొట్లు. వరసలో ఆడవాళ్లందరూ మోచేతుల దాకా పసుపుతో నిలబడి ఉన్నారు. డిక్కీ మీది ఆ అయిదు వేళ్లు ఎక్కడున్నాయో కనపడలేదు.

"నూకా! ఏం చేశావే? ఇది నూనె పీల్చేసే రంగు! ఇంక జన్మలో పోదు!"

"పోకూడదనే నువ్వులనూనెతో కలిపినాం."

"నీకెవరు చెప్పారు?"

"జగ్గారావు. ఊరెల్లే ముందు వచ్చి దండం పెట్టి మరీ చెప్పినాడు. పెళ్లిళ్లకి ఎవులూ పిలవకూడదనీసి పూయించినావంట కదా? పాపం, చమక్ సంపినందుకు ఆయనకి నిద్ర పట్టట్లేదంట. నీకు మాత్రం బాగా పట్టింది."

ఆడవాళ్లందరి ముందూ అలా అంది. పసుపు కారు పక్కన నా ముఖమే నల్లగా ఉండి ఉంటుంది.

తాతని ఇద్దరు మోసుకొచ్చారు. ఆయన కారుని చూశాడు.

"ఇదేటి, బండికి పెళ్లా?"

"అవును తాతా, నువ్వే పెద్దమనిషివి. ఎక్కు" అంది నూకమ్మ.

ఎక్కాడు. వెనక ఒకవైపు సన్యాసమ్మ అవ్వ, ఒకవైపు నూకమ్మ పట్టుకుని కూర్చున్నారు. గతుకు కనిపించిన ప్రతిచోటా నేను కారుని నడక కంటే నెమ్మది చేశాను.

బిష్టుపూర్ దాటుతుండగా తాత అన్నాడు. "ఒరే, ఆ రోజు కూడా నన్ను ఇందులోనే తీసుకెళ్లు. పసుపు కడక్కు."

నూకమ్మే జవాబిచ్చింది. "ఆ రోజు సంగతి ఆ రోజు తాతా. ముందు మంగళవారం, శుక్రవారం సూసుకుందాం. ఈయనకింక రాత్రి డ్యూటీ నేదు, మజ్జానం డ్యూటీయే. పొద్దున్న మొత్తం కాళీ."

స్టీరింగు కాస్త పక్కకి పోయింది. "నా డ్యూటీ మారిందా? ఎవరు మార్చారు?"

"ఫోర్‌మన్‌గారు. నాను జానకీదేవమ్మగారితో మాటాడినాను, ఆవిడ ఆయనతో మాటాడినారు."

ఫోర్‌మన్‌గారి భార్య ఊరికే ఎవరికీ ఏదీ చేయదని కార్ఖానా అంతటికీ తెలుసు.

"ఊరికే మార్చేశారా?"

"ఊరికే ఎందుకు మారుత్తారు మావా? ఆల అమ్మాయికి పెళ్లి. పొద్దున్నే వచ్చి పసుపుకారు సూసినారు. ఎంతో ముచ్చట పడిపోనారు."

"ఎప్పుడు?" అన్నాను. అడగక్కర్లేదు. అయినా అడిగాను.

"వచ్చే ఆదివారం" అంది నూకమ్మ. "ఆ పై ఆదివారం ఆల చెల్లెలి కూతురిది."

అద్దంలో తవిటయ్య తాత నవ్వుతున్నాడు. నవ్వితే దగ్గొస్తుంది. దగ్గుతూనే నవ్వాడు.