పన్నెండో స్తంభం అవతల

ఆ సోమవారం వసితి పెట్టుకున్న పని ఒక్కటే. వైలోమా దీవి కొత్త జెట్టీ పనుల షెడ్యూలును మధ్యాహ్నంలోగా కంప్యూటర్లోకి ఎక్కించి, వాన పెరగకముందే బస్టాండు దగ్గర రోటీ పొట్లం తెచ్చుకోవాలి. ఫిజీ రాజధాని సువాలో వాన పదింటికే మొదలైంది. పదకొండున్నరకి ఆమె చివరి పని దగ్గరికి వచ్చింది. పన్నెండో స్తంభం నుంచి జెట్టీ కొస దాకా నలభై రెండు పలకలు, ఏడు వారాలు. ఈ పని ఎంతవరకు అయిందో ఎలా లెక్కగట్టాలని సాఫ్ట్‌వేర్ అడిగింది. గడిచిన రోజులను బట్టా, పనిచేసిన గంటలను బట్టా, ఎవరైనా వెళ్ళి చూసి చెప్పినదాన్ని బట్టా?

మూడోది పెడితే వారం వారం దీవికి ఫోన్ చెయ్యాలి. అక్కడ ఫోన్ అందాలంటే మేస్త్రీ అపిసాయి కొండెక్కాలి. ఎక్కినా, ఏం అడిగినా "బాగానే ఉంది చెల్లీ" అంటాడు. ఆఫీసుకు కాదని చెప్పడం మర్యాద కాదని అతని నమ్మకం. వసితి మొదటిది నొక్కింది. ఇక ప్రతి శుక్రవారం ఆనాటి తేదీ కొడితే చాలు, శాతం దానంతట అదే పెరుగుతుంది.

"అన్నిటికీ రోజుల లెక్కేనా?" మేనేజరు చంద్ వెనక నిలబడి అడిగాడు.

"రోజులు గడిస్తే పని అవుతుంది కద సార్."

"మనవాళ్ళ సంగతి తెలిసే అంటున్నావా?" అన్నాడు. కానీ ఆయనకీ ఆకలిగా ఉంది.

దీవిలో పని పన్నెండో స్తంభం దాకా వచ్చిన శనివారం సవెనాథా చనిపోయాడు. తొంభై ఏళ్ళకు దగ్గర. వడ్రంగుల వంశానికి పెద్ద, పాత జెట్టీ కట్టిన మనిషి. ఎడమచేత్తో సుత్తి పట్టేవాడు. ఆయన కొట్టిన మేకు తల కుడికి ఒరిగి ఉండేది. ఊరివాళ్ళు పన్నెండో స్తంభం పక్కన గెడ పాతారు. వంద రాత్రులు గడిచేదాకా ఆ గెడ దాటి ఎవరూ వెళ్ళకూడదు, వల వెయ్యకూడదు. అపిసాయి తన ఏడుగురినీ ఒడ్డున షెడ్డు పనికి మార్చాడు. కొండెక్కి సువాకి ఫోన్ చేసి "బాగానే ఉంది చెల్లీ" అన్నాడు.

మొదటి శుక్రవారం రిపోర్టు పడవలో వచ్చింది. వారం వారం దాన్ని ఊరి పెద్దకు చూపించాలన్నది ఊరు పెట్టిన షరతు. ఊరి పెద్ద ఇలైతియా తాగుతున్న యంగోనా వేరు రసం గిన్నె పక్కన పెట్టి చదివాడు. పన్నెండో స్తంభం అవతల పలకలు, పద్నాలుగు శాతం. మళ్ళీ చదివాడు.

"ఒరే అపిసాయీ, గెడ దాటి ఎవడెళ్ళాడ్రా?"

"ఒట్టు పెదనాన్నా, ఎవరూ వెళ్ళలేదు."

"మరి ఈ కాగితం అబద్ధమా?"

"అయ్యో, ఆఫీసు కాగితం అబద్ధమెందుకు చెబుతుంది?"

"అంటే నువ్వు చెబుతున్నావన్నమాట. వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే మీ అనుమతి రద్దు. మూట సర్దుకుని పడవెక్కు."

ఆ వారమంతా నలుగురు మనుషులు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఒడ్డున కాపలా కాశారు. జెట్టీ గెడ దగ్గర మడచెట్ల వెనక్కి వంగుతుంది కాబట్టి కొస కనిపించదు. కానీ అక్కడికి వెళ్ళాలంటే వాళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. ఎవరూ వెళ్ళలేదు. నీరు తీసిన వేళల్లో మాత్రం చెట్ల వెనక నుంచి టక్, టక్ మని వినిపించిందని నలుగురూ విడివిడిగా చెప్పారు. శుక్రవారం కాగితంలో ఇరవై తొమ్మిది శాతం ఉంది.

ఇలైతియా ఈసారి అపిసాయిని తిట్టలేదు. అతని గిన్నె నింపి ఇచ్చాడు. మూడో శుక్రవారం నలభై మూడు.

వసితికి అనుమానం వచ్చింది హాజరు పట్టీ చూశాక. ఏడుగురు మనుషులు, ఎనిమిది భోజనాలు. అపిసాయి కొండెక్కే వేళ చూసి ఫోన్ చేసింది.

"అన్నా, ఎనిమిదో భోజనం ఎవరికి?"

"సవెనాథా తాతకి చెల్లీ. మధ్యాహ్నం గెడ దగ్గర పెట్టొస్తున్నాం. ఆకు ఖాళీ అవుతోంది."

"కొత్తగా చేరాడా? నాకు చెప్పనేలేదే."

"చేరడమేంటి చెల్లీ, చనిపోయి మూడు వారాలైంది."

వసితి కుర్చీలో కూర్చుంది. అడగగా అడగగా అపిసాయి అంతా చెప్పాడు. ఆమెకు విషయం అర్థమైంది.

"అన్నా, విను. అక్కడ ఎవరూ పని చెయ్యడం లేదు. రోజు గడిస్తే ఆ అంకె పెరుగుతుంది, అంతే."

"ఎవరూ చెయ్యకుండానే?"

"ఎవరూ చెయ్యకుండానే."

"మేమూ అదే అంటున్నాం చెల్లీ," అన్నాడు అపిసాయి.

వసితి చంద్ దగ్గరికి వెళ్ళి, లెక్కించే పద్ధతి మార్చి సున్నా వేస్తానంది.

"పోయిన వారం నలభై మూడు, ఈ వారం సున్నా. మంత్రిత్వ శాఖకి ఏం చెప్పమంటావ్, పలకల్ని చేపలు తిన్నాయనా?" అన్నాడు చంద్. "ఎనిమిదో సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. కొస ఖాళీగా ఉంటే నిధులు వెనక్కి పోతాయి. నీ ఉద్యోగమూ నాదీ వాటి వెంటే పోతాయి. ఏదో ఒకటి ఆలోచించు. సున్నా మాత్రం వెయ్యకు."

నిధులు వెనక్కి పోతే ఏమవుతుందో వసితికి తెలుసు. వైలోమాలో ఇప్పటికీ జబ్బుపడ్డవాళ్ళను నడుంలోతు నీళ్ళలో మోసుకెళ్ళి పడవెక్కిస్తున్నారు.

నాలుగో శుక్రవారం యాభై ఏడు. అయిదో శుక్రవారం ఆమె తేదీ కొట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. సోమవారం వచ్చి చూస్తే డెబ్బై ఒకటి.

"మీరు కొట్టారా సార్?"

"నేను దాన్ని ముట్టుకోను," అన్నాడు చంద్. ఆ రోజు నుంచి ఆయన ఆమె కంప్యూటరు ఉన్న వైపు కూర్చోవడం మానేశాడు.

ఏడో శుక్రవారం నూరు పడింది. శనివారం పడవలో వసితి దీవికి బయల్దేరింది, ఊరి కాళ్ళ మీద పడి నిజం చెప్పడానికి. క్షమాపణ కానుకగా ఒక యంగోనా వేళ్ళ కట్ట కూడా కొనుక్కుంది. పడవ మడచెట్లను చుట్టి వచ్చింది. జెట్టీ కొస వాన మసకలోంచి బయటపడింది. స్తంభాల మీద పలకలున్నాయి. ఆమె లెక్కపెట్టింది. నలభై రెండు.

అపిసాయి తాడు అందుకున్నాడు. ఇలైతియా కొసన నిలబడి ఉన్నాడు. పన్నెండో స్తంభం దగ్గర గెడ లేదు.

"వేసేశారా?" అంది వసితి. "మరి నిషేధం?"

"ఎవరి కోసం పెట్టామో ఆయనే పనిలోకి దిగాక ఇంకెవరికమ్మా నిషేధం?" అన్నాడు ఇలైతియా. "ఆచారం ప్రకారం తిమింగలం పన్ను కానుక పెట్టి ఆయన కుటుంబాన్ని అడిగాం. గెడ తీయించాం. ముసలాయన ఒక్కడూ చేస్తుంటే ఊరంతా కూర్చుని చూడటం సిగ్గుచేటు కదా. మీ కాగితం ఎంతంటే అంత, వారానికి ఆరు పలకలు. నాలుగో వారం నుంచి మొత్తం ఊరు పనిచేసింది."

వసితికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం మిగిలింది, జెట్టీ మిగిలింది. ఆ తర్వాత లెక్క వేసుకుంది.

"నాలుగు వారాలు, వారానికి ఆరు. ఇరవై నాలుగు."

"అవును."

"మిగతా పద్దెనిమిది?"

"మేం వచ్చేసరికే ఉన్నాయి," అన్నాడు ఇలైతియా.

ఆమె అపిసాయి వైపు చూసింది. "నా వైపు చూడకు చెల్లీ. నాది కుడిచేయి," అన్నాడతను. వసితి పన్నెండో స్తంభం దాకా నడిచి, మొదటి పలక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మేకుల తలలు కుడికి ఒరిగి ఉన్నాయి. పద్దెనిమిదో పలక దాకా అంతే. పంతొమ్మిదో దాని నుంచి నిటారుగా ఉన్నాయి.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి, కొస దాకా నడిచి, సంతకం పెట్టి, ఆకులో చుట్టి కాల్చిన చేపలు తిని వెళ్ళాడు. మంగళవారం వసితి ఆఫీసులో లెక్కించే పద్ధతిని మూడోదానికి మార్చింది. ఇప్పుడు తను స్వయంగా చూసి వచ్చింది కదా. అంకె నూరు దగ్గర కదలలేదు. పని చేసినవాళ్ళ పేర్లు అడిగితే ఊరి పేరు వేసి, దాని కింద సవెనాథా అని వేసింది.

ఈయన తర్వాతి పనికి అందుబాటులో ఉన్నారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. వసితి కాసేపు ఆలోచించి, ‘ఉన్నారు’ మీద నొక్కింది.