నవ్వడం మానేస్తే దక్కే గౌరవం

యాభై దాటిన ప్రతి మగవాడికీ కాస్తో కూస్తో కారే యోగం కల్పించాలని నేను బహిరంగంగా డిమాండ్ చేస్తున్నాను!

నవ్వకండి. నేను నవ్వడం లేదు చూడండి. నేను నవ్వితే ఏమవుతుందో మా ఇంటి వాషింగ్ మెషీన్‌ను అడగండి.

సంగతి మొదటినుంచీ చెబుతాను. నాకు ప్రోస్టేట్‌లో క్యాన్సర్ వచ్చింది. అలాంటి గ్రంథి ఒకటి నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పాపం, ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుపోయేదాన్ని ఎవడు పట్టించుకుంటాడు? డాక్టరు గారు రోబోతో ఆపరేషన్ చేశారు. నాలుగు చేతుల రోబో నా మీద వంగి కోస్తుంటే, ఆయన గదిలో ఓ మూల కూర్చుని, తెరలోకి తల దూర్చి, వీడియో గేమ్ ఆడే పిల్లాడిలా దాన్ని నడిపించారట. క్యాన్సర్ మొత్తం పోయింది. "మూత్రాన్ని ఆపే కండరాన్ని వీలైనంత కాపాడాం. కొన్నాళ్లు చుక్కలు కారతాయి. అది ఆగడం ఇక మీరు వ్యాయామం చేసేదాన్ని బట్టి ఉంటుంది" అన్నారు. నేను గంభీరంగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

వ్యాయామం నేర్పడానికి ఫిజియోథెరపిస్టు వచ్చింది. మా మేనకోడలి వయసుంటుంది. "నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా బిగపడతారు కదా, అదే కండరం. ఊపిరి బిగించొద్దు, పొట్ట బిగించొద్దు. దగ్గొచ్చినా, నవ్వొచ్చినా దానికి ముందే బిగించాలి. అర్థమైందా అంకుల్?" అంది. పక్కన మా ఆవిడ. ఎదురుగా అవతలి మంచం తాలూకు చుట్టాలు, చెవులు రిక్కించి మరీ వింటున్నారు. ఏ కండరమో ఇంకోసారి చెప్పమ్మా అని మగపుట్టుక పుట్టినవాడెవడైనా అడుగుతాడా? "ఓ, బ్రహ్మాండంగా అర్థమైంది" అన్నాను.

ఇంటికొచ్చి, నాకు తెలిసిన కండరాలన్నీ బిగించాను. పళ్లు, పిడికిళ్లు, పొట్ట, కనుబొమలు. ఎందుకైనా మంచిదని ఊపిరి కూడా. రోజూ నిష్ఠగా చేశాను. కింద కుళాయి కుళాయిలాగే ఉంది. ముఖం మాత్రం అమోఘంగా బలపడింది!

ఆ ముఖంతోనే అయ్యా, నా దశ తిరిగింది.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల సెక్షన్‌లో పనిచేస్తాను. మా మేనేజరు గారు రోజుకో జోకు వేస్తారు. అందరూ పొట్టలు పట్టుకుంటారు. ఇదివరకు అందరికంటే ముందు పట్టుకునేది నేనే. ఇప్పుడు పళ్లు బిగించి, కనుబొమలు ముడిచి, కిటికీలోంచి దూరంగా చూస్తాను. మొదట్లో ఆయన తడబడ్డారు. తర్వాత జోకులే మానేశారు. ఇప్పుడు నా టేబుల్ ముందు నుంచి వెళ్లాలంటే చొక్కా సర్దుకుంటున్నారు! ఓసారి మీటింగ్ మధ్యలో నేను చివాల్న లేచి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి, "పెద్దాయనకి నచ్చలేదు" అని ఆ ప్రతిపాదననే రద్దు చేసి కూర్చున్నారు. అది నాకెంతో నచ్చిన ప్రతిపాదన.

విజ్ఞానం పెరగలేదా అంటే, అదీ పెరిగింది. ఏ బ్యాంకులో బాత్రూమ్‌కు తాళం వేస్తారో, ఏ మాల్‌లో మెట్లెక్కకుండా చేరుకోవచ్చో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ముదురు రంగు ప్యాంట్లు తప్ప వేయను. తుమ్మొస్తే కాలు మీద కాలు బిగించి వేసుకుంటాను. "ఎంత హుందాగా ఉంటారండీ మీవారు!" అని పక్కింటావిడ మా ఆవిడతో అంది. మా ఆవిడ బకెట్లోంచి నా ఇంకో ప్యాంటు తీసి దులిపింది. బట్టలారేసేది ఆవిడే.

ఇంతటి ఉన్నతికి అడ్డంగా ఒక్కడు దాపురించాడు. మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాణ్ణి కూడా నవ్వించి, నవ్విన ఫొటో చెల్లదని మళ్లీ తీసే రకం. మా పెళ్లి నుంచీ మేమిద్దరం కలిస్తే ఇంట్లో ఇంకొకరి మాట వినపడేది కాదు. ఆపరేషన్ తర్వాత వాడు నోరు తెరిస్తే చాలు, నేను పళ్లు బిగించేవాణ్ణి. వాడు రావడం తగ్గించాడు. ఆపైన మానేశాడు. మంచిదే కదా! ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే గోడ గడియారం చప్పుడు కూడా వినపడుతోంది. ఆ గడియారాన్ని తీసి అవతల పారేద్దామనిపిస్తోంది.

ఓ ఆదివారం పొద్దున మా ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడికీ అదేనటండీ. మీకొచ్చిందే."

"అయ్యో! ఆపరేషన్ ఎప్పుడట?"

"చేయించుకోడట. 'బావని చూస్తున్నావుగా అక్కా, ప్రాణం దక్కింది, మనిషి పోయాడు. అలా బతికేకంటే నాకు ఇలాగే బాగుంది' అంటున్నాడు."

పాఠక మహాశయులారా, నాకు భయమేసింది. నాకు క్యాన్సర్ అని చెప్పిన రోజు కూడా అంత భయం వేయలేదు. నా హుందాతనం చూసి వాడు చావడానికి సిద్ధపడ్డాడు!

చెప్పులేసుకుని స్టూడియోకి పరుగెత్తాను. వాడు లైట్లు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాను.

"ఒరేయ్, నాకు నవ్వు రాక కాదురా. నవ్వితే కారుతుంది. నిన్ను చూస్తే మరీను. అందుకని బిగబట్టుకుని చస్తున్నాను."

వాడు నన్ను తేరిపార చూశాడు. "అంటే ఆ ముఖం... నా మీద కోపం కాదా బావా?"

"కోపమేంట్రా? అది వ్యాయామం!"

వాడి పెదవి వణికింది. ఏడుస్తాడనుకున్నాను. స్టూడియో దద్దరిల్లేలా నవ్వాడు. వాణ్ణి చూసి నేను. ఎన్నాళ్ల నవ్వో, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కళ్లలోంచి కూడా నీళ్లొచ్చాయి. వాడు అలవాటు కొద్దీ ఓ ఫొటో కూడా తీసేశాడు. ఆ తర్వాత షట్టరు దించి, ఫొటోల వెనక వేలాడదీసే నల్ల గుడ్డ నా నడుముకు చుట్టాడు.

మర్నాడే ఇద్దరం ఫిజియో దగ్గరికి వెళ్లాం. ఆపరేషన్‌కు ముందు నుంచే ఆ వ్యాయామం అలవాటు చేసుకుంటే మంచిదట. "ఏ కండరమమ్మా? సరిగ్గా చెప్పు. మా బావకి మొదట్నుంచీ చెప్పు" అని మావాడు హాలంతా వినపడేలా అడిగాడు. ఆ అమ్మాయి నన్ను చేసి చూపించమంది. చేశాను.

"అంకుల్, కనుబొమలెందుకు ముడుస్తున్నారు?"

ఇప్పుడు సరైన కండరం దొరికింది. కుళాయి తగ్గుముఖం పట్టింది, ఇంకా కొన్నాళ్లు పడుతుందట. మేనేజరు గారు మళ్లీ జోకులు మొదలుపెట్టారు. నా పరువు పోయింది.

కాబట్టి నా డిమాండ్‌ను వెనక్కి తీసుకుంటున్నాను. బదులుగా, నాలుగు చేతుల రోబోను తయారుచేసిన మహానుభావులకు ఓ విన్నపం. దానికి ఐదో చెయ్యి కూడా పెట్టండి. మగవాడు "అర్థమైంది" అనగానే నెత్తిన ఒక్కటి వెయ్యడానికి!

మావాడి ఆపరేషన్ వచ్చే వారం. ఈ శీర్షిక పైన మీరు చూస్తున్న నా కొత్త ఫొటో ఆ రోజు వాడు తీసిందే. ఎడిటర్ గారు దయతలచి నడుము పైదాకే వేశారు. కింది సగంతో సహా పెద్దది చేయించి స్టూడియో అద్దాల బీరువాలో పెడతానని వాడు బెదిరిస్తున్నాడు. ముందు ఆపరేషన్ చేయించుకుని తిరిగి రారా, నీ చేత్తోనే పెట్టుకుందువుగాని, అన్నాను.