పసుప్పచ్చ పట్టీ

ఆ ఉదయం పెంచలయ్యకు ఉన్న పని ఒకటే. ట్రాక్టరు తీసుకుని పొలానికి పోయి, మధ్యాహ్నానికల్లా మడిని బురదగా దున్ని దమ్ము చేసి, నాటు మనుషులకు అప్పగించాలి. నారు ఇప్పటికే ముదిరింది. కాలవ నీళ్ళ వంతు సాయంత్రంతో దిగువ వాళ్ళకు పోతుంది. ఈ రోజు తప్పితే ఈ ఏటి పైరు లేనట్టే.

ట్రాక్టరు వాళ్ళ నాయన నాటిది. వాకాడు ఉప్పుగాలికి తుప్పు పట్టి, చాలా ఏళ్ళు కొట్టంలో కోళ్ళు పొదగడానికి పనికొచ్చింది. పెంచలయ్య ఇంజను బాగుచేయించి, తుప్పు గీకి, జాలర్ల పాలెంలో పడవలకు రంగులేసే హుస్సేన్ సాహెబ్‌ను పిలిచాడు.

"మామూలు రంగు ఈ గాలికి నిలవదన్నా. పడవ రంగేస్తా. సముద్రమే దాన్నేం చెయ్యలేదు."

"ఊఁ" అన్నాడు పెంచలయ్య. ఏమడిగినా ఆయన చెప్పేది అంతే.

సాహెబ్ నీలం వేశాడు. చేతి అలవాటు కొద్దీ చుట్టూ పసుప్పచ్చ పట్టీ కూడా లాగాడు. ఆ పట్టీ పాలెం పడవల గుర్తు. కొత్తగా పట్టీ వేసిన పడవ తొలి వేట పాలెం మొత్తానిది. ఆ ఆనవాయితీ రైతుకు తెలియదు, సాహెబ్‌కు గుర్తు రాలేదు.

పొలం దారి పాలెం పక్కగా పోతుంది. ట్రాక్టరు కనబడగానే ఆడవాళ్ళు పసుపునీళ్ళతో వచ్చి నిలబడ్డారు. పొగగొట్టానికి బంతిపూల దండ పడింది. పాలెం పెద్ద శివశంకర్ ముందుకొచ్చాడు.

"మా పట్టీ వేసుకున్నావు. తొలి పని మాదేగా, అన్నా?"

టెంకాయ కొట్టడం గురించి అనుకుని పెంచలయ్య "ఊఁ" అన్నాడు. ఈలోగా వెనక కొక్కేనికి మోకు తగిలించారు. సముద్రం పోటు మీద ఉంది, పడవలన్నీ మిట్టకు లాగాలి. దండ వేసిన వాళ్ళకు కాదని చెప్పడం ఎట్లాగో తెలియక ఆయన ఒక పడవ లాగాడు.

"చిట్టిగాడి పడవ లాగి పేరమ్మది వొదిలేస్తే ఆమె ఏమనుకుంటాదన్నా?" అన్నాడు శివశంకర్.

అదీ నిజమేననిపించింది. పేరమ్మది లాగాక ఇంకొకరు ఏమనుకుంటారోనన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది.

అక్కడ పొలంలో పెంచలయ్య భార్య ఆదిశేషమ్మ, నాటు మనుషుల పెద్ద సుభాషిణి దారి చూసి చూసి విసిగిపోయారు. దండ వేసుకుని ట్రాక్టరు పాలెంలోకి పోయిందని దారిన పోయేవాడెవడో చెప్పాడు. ఆదిశేషమ్మకు అర్థమైంది ఒక్కటే. అందరినీ వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డుకు వచ్చింది.

"ఏమయ్యా, పాలెమోళ్ళకు అమ్మేసినావా?"

"ఊఁ" అనేశాడు పెంచలయ్య, వెనక మోకు చూసుకుంటూ. ఆమె ఇసకలో కూలబడింది. తానేం అన్నాడో తెలిసి, కంగారులో ఆయన బండిని వెనక్కి పోనిచ్చాడు. తడి ఇసకలో చక్రాలు దిగబడ్డాయి. పెద్ద అల ఒకటి వచ్చి ఇంజనును ముంచేసింది.

పాలెం మగవాళ్ళు, నాటు ఆడవాళ్ళు కలిసి మోకులేసి బయటికి లాగారు. రంగు చెక్కుచెదరలేదు. ఇంజను మాత్రం పలకలేదు.

పెంచలయ్య నీళ్ళు కారుతున్న చక్రం మీద చెయ్యి వేశాడు. మెల్లగా అన్నాడు. "నారు ముదిరిపోయింది శివా. సాయంత్రానికి నీళ్ళు దిగువకు తిప్పేస్తారు. ఇంక ఈ ఏడు ఇంటికి గింజ లేదు."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆదిశేషమ్మ కూడా ఎప్పుడూ వినలేదు. ఆమె లేచి వచ్చి పక్కన నిలబడింది.

"పొద్దున్నే ఈ మాట చెప్పుంటే మేం పట్టుకునే వాళ్ళమా?" అన్నాడు శివశంకర్. పాలెం వాళ్ళ వైపు తిరిగాడు. "తొలి వేటలో పడవకేమన్నా అయితే ఆ నష్టం ఎవురిది?"

"పాలెం మొత్తానిది," అంది పేరమ్మ.

"అయితే మోకులు తీయండి."

అందరూ పొలానికి పోయి మడిలోకి దిగారు. చదును బల్లకు మోకులు కట్టి, పెద్దవల లాగినట్టు పాట పాడుతూ గట్టు నుంచి గట్టుకు లాగారు. మిగిలినవాళ్ళు కాళ్ళతో బురద తొక్కారు.

"మడి తొక్కమంటే చేపలు దేవులాడుతుండారే," అంది సుభాషిణి, నారు కట్ట విప్పుతూ. ఆమె వెనక చివరి సాలు పడేసరికి పొద్దు గుంకింది. ట్రాక్టరు తిరిగిన రోజుల్లో కూడా మడి అంత చదునుగా లేదు. దిగువ పొలం విజయభాస్కర్ గట్టు మీద నిలబడి అంతా చూశాడు. ఆయన మడికి ఇంకా దమ్ము కాలేదు.

మరునాడు ఆయన తన కొత్త ట్రాక్టరును హుస్సేన్ సాహెబ్ ఇంటి ముందు నిలిపి, పట్టీ కాస్త వెడల్పుగా వెయ్యమన్నాడు.